ట్రేడ్‌మార్క్ నోటీసు పంపే ముందు: పేరును న్యాయంగా కాపాడుకునే పద్ధతి

మీ సంస్థ పేరును పోలిన పేరు మరొకరి ఉత్పత్తి మీద కనిపించిన రోజున, వెంటనే న్యాయవాదికి ఫోన్ చేసి గట్టి నోటీసు పంపించాలన్న ఆలోచన రావడం సహజం. ఏళ్ల తరబడి కష్టపడి సంపాదించుకున్న పేరు కాబట్టి ఆ ఆవేశాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. అయితే ఆ నోటీసు అందుకోబోయే మనిషి నిజంగానే మీ పేరును దొంగిలించినవాడు కావచ్చు, తన సరుకు గుణాన్ని మామూలు మాటల్లో చెప్పుకున్న చిన్న వ్యాపారి కావచ్చు, లేదా మీ ఉత్పత్తి నచ్చక విమర్శిస్తున్న వినియోగదారు కావచ్చు. ఈ ముగ్గురికీ ఒకే రకమైన బెదిరింపు ఉత్తరం పంపడం అన్యాయమే కాదు, మీ హక్కుకు కూడా చేటు తెస్తుంది.

ట్రేడ్‌మార్క్ హక్కు అంటే ఒక మాట మీద యాజమాన్యం కాదు. ఈ సరుకు ఫలానా వారి నుంచి వచ్చింది అని కొనేవారికి తెలియజేసే గుర్తుకు చట్టం ఇచ్చే రక్షణ అది. కొనేవారు ఒకరి సరుకు అనుకుని మరొకరి సరుకు కొనకుండా చూడటమే దాని మూల ప్రయోజనం. ఈ సంగతిని మనసులో పెట్టుకుని, కింద చెప్పిన క్రమంలో ఒక్కొక్క అడుగూ వేయండి. ఏ అడుగు దగ్గరైనా మీ వాదం నిలవదని తేలితే అక్కడే ఆగిపోవచ్చు. అలా ఆగిపోవడం కూడా రక్షణలో భాగమే.

మొదటి అడుగు: మీ హక్కు ఎంతవరకు ఉందో కొలుచుకోండి

ఎదుటివారి తప్పును వెతికే ముందు మీ నమోదు పత్రాన్ని తెరిచి చదవండి. ట్రేడ్‌మార్కులను నమోదు చేయడానికి ప్రపంచంలో అత్యధిక దేశాలు పాటించే నీస్ వర్గీకరణలో 45 తరగతులు ఉన్నాయి. వాటిలో మొదటి 34 సరుకులకు, మిగిలిన 11 సేవలకు సంబంధించినవి. మీ పేరు ఏ తరగతిలో, ఏ సరుకులకు, ఏ దేశంలో నమోదైందో ఒక కాగితం మీద రాసుకోండి. హక్కు ఒక్కొక్క దేశానికి విడివిడిగా వస్తుంది కనుక, ఒక దేశంలోని నమోదును చూపించి మరో దేశంలోని వ్యాపారిని నిలువరించడం సాధారణంగా కుదరదు.

తరువాత మీ పేరు స్వభావాన్ని నిజాయతీగా పరిశీలించండి. కొడాక్ వంటి కల్పిత పదానికి నిఘంటువులో అర్థం లేదు కాబట్టి దానికి బలమైన రక్షణ లభిస్తుంది. సరుకు రంగును, రుచిని, వేగాన్ని, నాణ్యతను చెప్పే మాటను పేరుగా పెట్టుకున్నవారికి అంత రక్షణ దొరకదు, ఎందుకంటే అదే రకం సరుకు అమ్మే ప్రతి ఒక్కరికీ ఆ మాట అవసరం. ఇలాంటి పేరు పెట్టుకున్నవారే ఎక్కువ ఆందోళనతో ఎక్కువ నోటీసులు పంపడం తరచుగా కనిపిస్తుంది. పేరు పెట్టేటప్పుడు తేలికైన దారి ఎంచుకుని, ఆ భారాన్ని తరువాత భాషను వాడుకునే అందరి మీదా మోపడం సరికాదని నా అభిప్రాయం.

మూడో విషయం వాడకం. నమోదు చేసి బీరువాలో పెట్టిన పేరుకు ఆయుష్షు తక్కువ. యూరోపియన్ యూనియన్‌లోనూ బ్రిటన్‌లోనూ వరుసగా 5 సంవత్సరాలు వాడని గుర్తును రద్దు చేయమని ఎవరైనా కోరవచ్చు; అమెరికాలో వరుసగా 3 సంవత్సరాలు వాడకపోతే దానిని వదిలేసినట్టు భావిస్తారు. మీరు దావా వేసిన మరుక్షణం ఎదుటి న్యాయవాది వెతికేది ఈ లోపాన్నే. ఐర్లండ్‌కు చెందిన సూపర్‌మ్యాక్స్ అనే ఫాస్ట్‌ఫుడ్ సంస్థ యూరప్‌లో విస్తరించాలనుకున్నప్పుడు మెక్‌డొనాల్డ్స్ అడ్డుపడింది. సూపర్‌మ్యాక్స్ ఎదురు తిరిగి, మెక్‌డొనాల్డ్స్ వారి బిగ్ మ్యాక్ అనే గుర్తును నమోదు చేసిన సరుకులన్నింటికీ నిజంగా వాడుతున్నారా అని ప్రశ్నించింది. 2019లో యూరోపియన్ యూనియన్ మేధో సంపత్తి కార్యాలయం ఆ నమోదును రద్దు చేసింది. అప్పీలులో కొంత భాగం తిరిగి దక్కినా, 2024 జూన్‌లో యూరోపియన్ జనరల్ కోర్టు చికెన్ ఉత్పత్తులకూ రెస్టారెంటు సేవలకూ ఆ హక్కు లేదని తేల్చింది. అడ్డుపడకుండా ఉండి ఉంటే ఆ ప్రశ్నే తలెత్తేది కాదేమో.

చివరగా, ఎవరు ముందు మొదలుపెట్టారో చూడండి. మీ నమోదుకు ముందు నుంచే ఒక చిన్న వ్యాపారి అదే పేరును నిజాయతీగా వాడుతూ ఉంటే, చాలా దేశాల్లో ముందు వాడినవారికి రక్షణ ఉంటుంది.

రెండో అడుగు: ఎదుటివారి వాడకం ఏ రకమైనదో గుర్తించండి

ఈ మార్గదర్శిలో అన్నింటికన్నా ఎక్కువ సమయం వెచ్చించవలసిన చోటు ఇదే. అతిగా వెళ్లిన వివాదాలలో చాలావాటికి మూలం, వేరువేరు రకాల వాడకాలను ఒకే గాటన కట్టేయడమే.

నకిలీ సరుకు గురించి పెద్దగా ఆలోచించనవసరం లేదు. మీ పేరును, మీ గుర్తును అచ్చంగా ముద్రించి, మీ సరుకేనని నమ్మించి అమ్ముతున్నవారి మీద త్వరగా, గట్టిగా చర్య తీసుకోండి. మందులు, వాహనాల బ్రేకులు, విద్యుత్ పరికరాల వంటివాటిలో నకిలీ వల్ల ప్రాణాలకే ముప్పు ఉంటుంది. అక్కడ మెతకదనం పనికిరాదు.

అదే రంగంలో, అదే రకమైన కొనుగోలుదారులకు, మీ పేరును పోలిన పేరుతో సరుకు అమ్ముతున్న పోటీదారు రెండో రకం. ట్రేడ్‌మార్క్ చట్టానికి అసలైన క్షేత్రం ఇదే. మూడో అడుగులో చెప్పబోయే పరిశీలన ముఖ్యంగా ఈ రకం కోసమే.

మూడో రకంలో పేరు కలుస్తుంది కానీ వ్యాపారం కలవదు. మీరు సాఫ్ట్‌వేర్ తయారుచేస్తూ, వారు పాదరక్షలు అమ్ముతూ ఉంటే, రెండు పేర్లూ పక్కపక్కన బతకగలవు. సాధారణ ప్రజలందరికీ తెలిసిన సుప్రసిద్ధ గుర్తులకు వేరే రంగాల్లోనూ కొంత రక్షణ ఉన్నమాట నిజమే. కానీ ఆ స్థాయి ప్రసిద్ధిని కోర్టులో రుజువు చేయడం చాలా కష్టం. మీ రంగంలో అందరికీ తెలిసినంత మాత్రాన అది సుప్రసిద్ధం అయిపోదు.

నాలుగో రకంలో ఎదుటివారు మీ పేరులోని మాటను దాని మామూలు అర్థంలో వాడతారు. అమెరికా సుప్రీంకోర్టు 2004లో ఒక సౌందర్య సాధనాల వివాదంలో చెప్పినదాని ప్రకారం, వర్ణనగా ఒక మాటను న్యాయంగా వాడుకున్నవారు దానివల్ల ఎవరికీ ఏ పొరపాటూ కలగదని తామే రుజువు చేయనవసరం లేదు. కొంత గందరగోళం మిగిలినా ఆ వాడకం న్యాయమైనదే కావచ్చు. మాటను పేరుగా ఎంచుకున్నవారు ఆ మాత్రం భరించవలసిందే. ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్యదేశాలన్నింటికీ వర్తించే ట్రిప్స్ అనే మేధో సంపత్తి ఒప్పందంలోని 17వ అధికరణం కూడా వర్ణనాత్మక పదాల న్యాయమైన వాడకానికి మినహాయింపు ఇవ్వవచ్చని స్పష్టంగా చెబుతోంది.

ఐదో రకం మీ సరుకును గురించి చెప్పడానికే మీ పేరును వాడటం. మీ యంత్రాలను బాగుచేసే మెకానిక్, మీ యంత్రానికి సరిపోయే విడిభాగాలు తయారుచేసేవారు, మీ సరుకును సెకండ్ హ్యాండ్‌లో అమ్మేవారు, మీ ఉత్పత్తిని మరొకదానితో పోల్చి సమీక్ష రాసేవారు ఈ కోవలోకి వస్తారు. మీ పేరు చెప్పకుండా వారు తమ పనిని వివరించలేరు. నెదర్లాండ్స్‌లో బీఎండబ్ల్యూ కార్లను మరమ్మతు చేసే ఒక స్వతంత్ర గ్యారేజీ యజమాని మీద ఆ సంస్థ వేసిన కేసులో, ఆయన ఆ కార్లను బాగుచేస్తానని చెప్పుకోకుండా ఆపలేరని యూరోపియన్ న్యాయస్థానం 1999లో తీర్పు ఇచ్చింది. కంపెనీతో తనకు ప్రత్యేక సంబంధం ఉన్నదన్న భ్రమ మాత్రం కలిగించకూడదు. జిల్లెట్ పిడికి తమ బ్లేడు సరిపోతుందని ప్యాకెట్ మీద రాసుకున్న ఫిన్లండ్ సంస్థ విషయంలోనూ 2005లో అదే న్యాయస్థానం అదే సూత్రాన్ని అనుసరించింది. అంతకు ఎంతో ముందే, 1924లో, అమెరికా సుప్రీంకోర్టు ఒక పౌడరు కేసులో, ప్రజలను మోసం చేయని వాడకంలో నిజం చెప్పడానికి ఒక మాటను వాడకుండా ఆపేంత పవిత్రత దానికేమీ లేదన్న భావాన్ని వెలిబుచ్చింది. ఇంత స్పష్టంగా తేలిపోయిన విషయం మీద ఇప్పటికీ మరమ్మతు పనివారికి నోటీసులు వెళ్లడం నాకు బాధ కలిగిస్తుంది.

విమర్శ, వ్యంగ్యం, అనుకరణ ఆరో రకం. యజమానుల అహం దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే, హక్కు అతి తక్కువగా ఉండేదీ ఇక్కడే. ఒడిశాలోని ధామ్రా రేవు వల్ల సముద్ర తాబేళ్లకు హాని కలుగుతుందని ప్రచారం చేస్తూ గ్రీన్‌పీస్ ఒక వీడియో గేమ్‌ను రూపొందించి, అందులో టాటా గుర్తును వాడింది. దానిని ఆపమని టాటా సన్స్ కోరగా, 2011 జనవరిలో ఢిల్లీ హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడానికి నిరాకరించింది. దక్షిణాఫ్రికాలో ఒక బీరు లేబుల్‌ను అనుకరించి, జాతి వివక్షను ఎత్తిచూపుతూ టీషర్టులు ముద్రించిన చిన్న సంస్థ మీద సౌత్ ఆఫ్రికన్ బ్రూవరీస్ కేసు వేసింది. ఆర్థికంగా నష్టం కలిగే అవకాశాన్ని రుజువు చేయలేదన్న కారణంతో 2005లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం టీషర్టుల సంస్థకు అనుకూలంగా తీర్పు చెప్పింది. అయితే వ్యంగ్యం అన్న మాట అన్నింటికీ కవచం కాదు. జాక్ డేనియల్స్ సీసా ఆకారంలో కుక్కల ఆటబొమ్మ అమ్మిన సంస్థ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 2023లో, అనుకరణను తన సొంత సరుకుకు గుర్తుగా వాడుకున్నప్పుడు ప్రత్యేక రక్షణ ఉండదనీ, కొనేవారు పొరపాటు పడతారా లేదా అన్న మామూలు పరీక్షే వర్తిస్తుందనీ చెప్పింది. కాబట్టి ఎదుటివారు మీ గురించి మాట్లాడుతున్నారా, లేక మీ గుర్తును తమ సరుకు పేరుగా మార్చుకుంటున్నారా అన్నది చూడండి.

మూడో అడుగు: మోసపోయే కొనుగోలుదారును కళ్లెదుట చూపించగలరా అని ప్రశ్నించుకోండి

ఒక తెల్ల కాగితం తీసుకుని ఈ వాక్యాన్ని పూర్తి చేయడానికి ప్రయత్నించండి: “ఇలాంటి కొనుగోలుదారు, ఇలాంటి చోట, మా ఫలానా సరుకు కొనబోయి, ఈ కారణం చేత వారి ఫలానా సరుకు కొంటారు.” బలవంతంగా కల్పించకుండా ఈ వాక్యం పూర్తయితే మీ ఫిర్యాదుకు బలం ఉన్నట్టే. ఎంత ప్రయత్నించినా పూర్తి కాకపోతే, మీకు కలిగినది నష్టం కాదు, అసౌకర్యం మాత్రమే.

పేర్లను పోల్చేటప్పుడు అక్షరాలను విడగొట్టి పక్కపక్కన పెట్టి చూడకండి. సాధారణ కొనుగోలుదారుకు ఒక పేరు మొత్తంగా, కాస్త మసకగా గుర్తుంటుంది. న్యాయస్థానాలు కూడా అలాగే చూస్తాయి. చూపుకు ఎలా ఉంది, పలికితే ఎలా వినిపిస్తుంది, ఏ అర్థం స్ఫురిస్తుంది, రెండు సరుకులూ ఒకే రకమైనవా, అవి అమ్ముడయ్యే చోట్లు ఒకటేనా, కొనేవారు ఎంత జాగ్రత్తగా ఎంచుకుంటారు అన్న విషయాలను కలిపి తూచండి. లక్షలు పోసి నెలల తరబడి విచారించి కొనే యంత్రం విషయంలో పొరపాటు అరుదు. నిమిషంలో చేతికందినది తీసుకునే చవక వస్తువు విషయంలో తేలిక.

ఆ తరువాత ఆధారాలు సేకరించండి. వారికి వెళ్లవలసిన ఫిర్యాదులు మీకు రావడం, మీ సరుకు అనుకుని కొన్నామని ఎవరైనా రాయడం, చిరునామా మారి వచ్చిన ఉత్తరాలు, బిల్లులు వంటివి నిజమైన ఆధారాలు. తేదీలతో సహా స్క్రీన్‌షాట్లు తీసి భద్రపరచండి. మీ ఉద్యోగులు “ఇది మన పేరులాగే ఉంది” అనడం ఆధారం కాదు, ఎందుకంటే వారు రోజంతా ఆ పేరుతోనే బతుకుతారు.

వెబ్‌సైట్ పేర్ల విషయంలో ఈ పరీక్ష మరింత కఠినంగా ఉంటుంది. 1999 నుంచి అమలులో ఉన్న అంతర్జాతీయ డొమైన్ వివాద పరిష్కార విధానం ప్రకారం, పేరు పోలి ఉండటం ఒక్కటే చాలదు. దానిని వాడుకునే న్యాయమైన కారణం ఎదుటివారికి లేదనీ, చెడు ఉద్దేశంతోనే నమోదు చేసి వాడుతున్నారనీ కూడా చూపాలి. ఎదుటివారి న్యాయమైన డొమైన్‌ను లాక్కోవడానికే ఫిర్యాదు చేశారని తేలితే, నిర్ణేతలు ఆ మాటను తీర్పులోనే రాస్తారు. నిస్సాన్ అన్నది తన ఇంటిపేరే అయిన ఒక అమెరికా వ్యాపారి 1994లో ఆ పేరుతో డొమైన్ తీసుకోగా, 1999లో కార్ల కంపెనీ అమెరికా కోర్టులో ఆయన మీద దావా వేసింది. ఆ వివాదం ఏళ్ల తరబడి సాగింది. చివరకు డొమైన్ ఆయన దగ్గరే ఉండిపోయింది.

నాలుగో అడుగు: “ఊరుకుంటే హక్కు పోతుంది” అన్న భయాన్ని సరిగ్గా అర్థం చేసుకోండి

అతి చర్యలకు సంస్థలు చెప్పే సంజాయిషీ దాదాపు ఎప్పుడూ ఒక్కటే: చట్టం మమ్మల్ని ఇలా చేయమని బలవంతం చేస్తోంది. ఇందులో కొంత నిజం ఉంది, చాలా అతిశయోక్తి ఉంది.

నిజమైన ప్రమాదాలు మూడు. ఒకటి, మీ పేరు ఆ సరుకుకే సాధారణ నామం అయిపోవడం. ఆస్పిరిన్ అన్న పేరు మీద బేయర్ సంస్థకు ఉన్న హక్కు 1921లో అమెరికాలో ఇలాగే నీరుగారిపోయింది. కెనడా, జర్మనీ వంటి దేశాల్లో మాత్రం అది ఇప్పటికీ ట్రేడ్‌మార్కే. ఎస్కలేటర్, సెల్లోఫేన్, థర్మోస్ అన్న పేర్లు కూడా అమెరికాలో అదే దారి పట్టాయి. కానీ దీనికి అసలు విరుగుడు దావాలు కాదు. సొంత ప్రకటనల్లో పేరు పక్కన సరుకు నామాన్ని తప్పక వాడటం, విలేకరులకూ నిఘంటుకారులకూ మర్యాదగా రాయడం దీనికి పనికొస్తాయి. జనం వెతకడాన్ని గూగుల్ చేయడం అంటున్నారు కాబట్టి ఆ గుర్తు చెల్లదన్న వాదనను 2017లో అమెరికా అప్పీలు కోర్టు తోసిపుచ్చింది. జనం ఒక పేరును క్రియాపదంగా వాడినంత మాత్రాన హక్కు పోదు.

రెండోది, మీ రంగంలోనే, మీ సరుకు మీదనే, అనేకమంది అదే పేరును వాడుతూ ఉంటే మీ గుర్తు బలం తగ్గడం. మూడోది, తెలిసి తెలిసి సహించడం. యూరోపియన్ యూనియన్, బ్రిటన్, భారత్ చట్టాల ప్రకారం, మీ తరువాత నిజాయతీగా నమోదైన గుర్తు వాడకం తెలిసి కూడా వరుసగా 5 సంవత్సరాలు ఊరుకుంటే, దానిని తరువాత ప్రశ్నించే హక్కు పోతుంది.

ఈ మూడింటిలో ఏదీ వేరే రంగంలోని దుకాణానికో, అభిమాని గీసిన బొమ్మకో, విమర్శ వ్యాసానికో నోటీసు పంపమని చెప్పడం లేదు. ప్రతి వాడకం మీదా దావా వేయాలని ఏ చట్టమూ శాసించదు. సహేతుకంగా కనిపెట్టి ఉండటం సరిపోతుంది. అందుకోసం ఒక పుస్తకం పెట్టుకుని, మీ దృష్టికి వచ్చిన ప్రతి వాడకాన్నీ తేదీతో సహా నమోదు చేసి, చర్య తీసుకున్నారా లేదా, ఎందుకు తీసుకోలేదు అన్నది రెండు మూడు వాక్యాల్లో రాయండి. ఎవరైనా రేపు మీరు నిర్లక్ష్యం చేశారని వాదిస్తే, ఆ పుస్తకం వంద బెదిరింపు ఉత్తరాల కన్నా ఎక్కువ పనికొస్తుంది.

ఐదో అడుగు: హానికి తగిన చర్యను ఎంచుకోండి

పుస్తకంలో రాసుకుని ఊరుకోవడం, ఫోనులో మాట్లాడటం, స్నేహపూర్వకమైన ఉత్తరం రాయడం, న్యాయవాది ద్వారా అధికారిక నోటీసు పంపడం, వారి నమోదు దరఖాస్తు మీద అభ్యంతరం దాఖలు చేయడం, దావా వేయడం అన్నవి ఒకదాని కన్నా ఒకటి బరువైన మెట్లు. ఏ మెట్టు ఎంచుకున్నా, దాని కింది మెట్టు ఎందుకు చాలదో చెప్పగలగాలి.

గడువుల విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. ఎదుటివారి దరఖాస్తు ప్రచురితమైన తరువాత అభ్యంతరం చెప్పడానికి యూరోపియన్ యూనియన్‌లో 3 నెలలు, భారత్‌లో 4 నెలలు, అమెరికాలో 30 రోజులు గడువు ఉంటుంది. అమెరికాలో దానిని పొడిగించమని కోరవచ్చు. యూరోపియన్ విధానంలో అభ్యంతరం తరువాత ఇరుపక్షాలూ మాట్లాడుకోవడానికి ప్రత్యేక వ్యవధి కూడా ఇస్తారు, దానిని వినియోగించుకోండి.

ఆన్‌లైన్ అమ్మకాల వేదికల్లో ఫిర్యాదు చేయడం తేలిక కాబట్టి అక్కడే ఎక్కువ అన్యాయం జరుగుతుంది. ఒక్క ఫారం నింపితే ఎదుటివారి జాబితా ఆగిపోయి, కొన్నిసార్లు వారి జీవనాధారమే పోతుంది, వారి మాట వినేవారు ఉండరు. నకిలీ సరుకు కానిదానిని నకిలీ అని ఆ ఫారంలో ఎన్నడూ రాయకండి. మీ అసలు సరుకునే కొని తిరిగి అమ్ముతున్నవారిని, ధర తగ్గించి అమ్ముతున్నారన్న కోపంతో, ఈ దారిలో వెళ్లగొట్టాలని చూడటం పేరు రక్షణ కాదు, పోటీని అణచివేయడం.

ఆరో అడుగు: ఉత్తరం ఒక మనిషికి రాస్తున్నామని గుర్తుంచుకుని రాయండి

2012లో జాక్ డేనియల్స్ సంస్థ ఒక రచయితకు రాసిన ఉత్తరం ఈ విషయంలో చక్కని ఉదాహరణ. ఆయన పుస్తకం అట్ట వారి లేబుల్‌ను బాగా పోలి ఉంది. తమ ఉత్పత్తి మీద ఆయనకున్న ఇష్టం సంతోషం కలిగించిందని చెబుతూనే, అభ్యంతరానికి కారణం వివరించి, మరుముద్రణలో అట్ట మార్చమని కోరారు. అంతకన్నా ముందే మార్చడానికి సిద్ధపడితే ఖర్చులో సముచితమైన భాగం తామే భరిస్తామని కూడా రాశారు. ఆ ఉత్తరం బయటకు వచ్చినప్పుడు జనం సంస్థను మెచ్చుకున్నారు. దీనికి భిన్నంగా, కెనడాలో మైక్ రో అనే హైస్కూల్ విద్యార్థి తన పేరుకు సాఫ్ట్ అన్న మాట చేర్చి డొమైన్ తీసుకుంటే, అది మైక్రోసాఫ్ట్ లాగా వినిపిస్తుందని ఆ సంస్థ న్యాయవాదులు వెంటపడ్డారు. మొదట వారు ఇవ్వజూపిన పరిహారం 10 డాలర్లు. విషయం పత్రికలకెక్కిన తరువాత, 2004లో రాజీ కుదుర్చుకుంటూ, తాము దీనిని కాస్త అతిగా పట్టించుకున్నామేమో అని సంస్థ ఒప్పుకుంది.

మీ ఉత్తరం ఇలా మొదలు కావచ్చు:

“నమస్కారం. మేము ఫలానా పేరుతో ఈ రకం సరుకులు తయారుచేస్తున్నాము. ఈ పేరు ఈ సంఖ్యతో, ఈ సరుకులకు నమోదై ఉన్నది. పత్రం ప్రతిని జతపరుస్తున్నాము. మీ కొత్త ఉత్పత్తి పేరు దీనికి దగ్గరగా ఉండటం వల్ల గత రెండు నెలల్లో మీకు రావలసిన కొన్ని ఫిర్యాదులు మాకు వచ్చాయి. వాటి వివరాలు కూడా పంపుతున్నాము. మీరు కావాలని చేశారని మేము అనుకోవడం లేదు. ఉన్న సరుకు అమ్ముడయ్యాక, కొత్తగా ముద్రించే అట్టల మీద తేడా తెలిసేలా మార్పు చేయగలరా? ఈ విషయంలో మీ ఆలోచన వేరుగా ఉంటే తప్పక తెలియజేయండి. కావాలనుకుంటే న్యాయ సలహా తీసుకున్నాకే జవాబు ఇవ్వండి.”

ఇందులో నమోదు సంఖ్య, అభ్యంతరానికి కారణం, ఆధారం, కోరుతున్న మార్పు, సమంజసమైన వ్యవధి, జవాబుకు చోటు ఉన్నాయి. లేని హక్కును ఉన్నట్టు చెప్పడం, కోట్లలో నష్టపరిహారం అంటూ భయపెట్టడం, మూడు రోజుల గడువు పెట్టడం, అవసరం లేకుండా గోప్యత విధించడం ఉండకూడదు. ఎదుటివారు న్యాయవాదిని పెట్టుకోలేరన్న ధైర్యంతో రాసే ఉత్తరం ఎంత అందమైన భాషలో ఉన్నా బెదిరింపే.

బెదిరింపుకు చట్టంలో జవాబు కూడా ఉంది. భారత ట్రేడ్‌మార్కుల చట్టం, 1999లోని 142వ సెక్షన్ కింద, ఆధారం లేని బెదిరింపులకు గురైనవారు కోర్టుకు వెళ్లి వాటిని ఆపించవచ్చు, నష్టపరిహారం కోరవచ్చు. బ్రిటన్‌లో ఇదే ఉద్దేశంతో 2017లో చట్టాన్ని సవరించారు. ముఖ్యంగా, సరుకు తయారుచేసినవారిని వదిలి, దానిని అమ్ముతున్న దుకాణదారులకు నోటీసులు పంపి భయపెట్టే పద్ధతి అక్కడ పంపినవారికే ప్రమాదం.

ఏడో అడుగు: సహజీవన ఒప్పందానికి చోటివ్వండి

పేరును పూర్తిగా మాన్పించడం ఒక్కటే గెలుపు కాదు. ఎవరు ఏ సరుకుకు, ఏ ప్రాంతంలో, ఏ రూపంలో పేరు వాడాలో రాసుకుని రెండు సంస్థలూ బతకవచ్చు. 2020లో ప్రిపేర్ అనే చిన్న యాప్ పియర్ పండు గుర్తు మీద యాపిల్ అభ్యంతరం చెప్పింది. మరుసటి ఏడాది, ఆకు ఆకారాన్ని కొద్దిగా మార్చడంతో వివాదం ముగిసింది. ఆ చిన్న మార్పును మొదటి ఉత్తరంలోనే అడిగి ఉండవచ్చు కదా అనిపిస్తుంది.

ఒప్పందం రాసేటప్పుడు రాబోయే కాలాన్ని ఊహించండి. యాపిల్ కోర్ అనే సంగీత సంస్థ, యాపిల్ కంప్యూటర్ 1981లో రాజీ పడి, కంప్యూటర్ సంస్థ సంగీతం జోలికి రాకూడదని అనుకున్నాయి. కంప్యూటర్లే సంగీతం వినిపించే కాలం వచ్చేసరికి వివాదం మళ్లీ రాజుకుని, 1991లో మరో రాజీ, 2006లో లండన్‌లో తీర్పు, 2007లో చివరి ఒప్పందం దాకా నడిచింది. కాబట్టి రంగాల పేర్లతో ఆపకుండా, సాంకేతికత మారితే మళ్లీ కూర్చుని మాట్లాడుకోవాలన్న షరతు చేర్చండి. సంతకం చేశాక మాత్రం రెండు పక్షాలూ దానికి కట్టుబడాలి. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే పొట్టి పేరే ఉన్న వన్యప్రాణుల నిధి సంస్థతో 1994లో చేసుకున్న ఒప్పందాన్ని ఉల్లంఘించిన కుస్తీ పోటీల సంస్థ, బ్రిటన్ కోర్టుల్లో ఓడి, 2002లో తన పొట్టి పేరును డబ్ల్యూడబ్ల్యూఎఫ్ నుంచి డబ్ల్యూడబ్ల్యూఈగా మార్చుకుంది. అక్కడ గట్టిగా నిలబడటం న్యాయమే.

ఎనిమిదో అడుగు: పొరపాటు మీదని తెలిస్తే వెనక్కి తీసుకోండి

బ్యాక్‌కంట్రీ అన్నది కొండలు, అడవుల ప్రాంతాన్ని సూచించే మామూలు ఇంగ్లిష్ మాట. ఆ పేరుతో ఆటసామగ్రి అమ్మే అమెరికా సంస్థ అదే మాట వాడిన చిన్న వ్యాపారాల మీద వరుసగా చర్యలు చేపట్టగా, 2019లో దాని సొంత వినియోగదారులే బహిష్కరణకు పిలుపునిచ్చారు. ఆ నవంబర్‌లో సంస్థ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. క్యాండీ అన్న మాట మీద అమెరికాలో హక్కు కోరిన కింగ్ అనే గేముల సంస్థ కూడా 2014 ఫిబ్రవరిలో ఆ దరఖాస్తును వదులుకుంది.

వెనక్కి తీసుకునేటప్పుడు మౌనంగా ఊరుకోవడం చాలదు. నోటీసును ఉపసంహరించుకుంటున్నామని రాతపూర్వకంగా చెప్పండి. ఆన్‌లైన్ వేదికలో ఫిర్యాదు చేసి ఉంటే దానిని రద్దు చేయించండి. ఎదుటివారు అప్పటికే అట్టలు మార్చి ఖర్చు పెట్టుకుని ఉంటే ఆ మొత్తం చెల్లించండి. ఆరు నెలలు నిద్రలేకుండా గడిపిన చిన్న వ్యాపారికి మీ మౌనం నుంచి ఏ సంగతీ తెలియదు.

నోటీసు మీకే వస్తే

ఇదంతా చదువుతున్నవారు నోటీసు అందుకున్నవారు కూడా కావచ్చు. భయంతో వెంటనే పేరు మార్చకండి, కోపంతో వెంటనే దానిని నలుగురిలో పెట్టకండి. నోటీసులో చెప్పిన నమోదు సంఖ్యను ఆ దేశపు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో వెతికి, అది ఇంకా అమలులో ఉందా, ఏ సరుకులకు ఉంది అన్నది చూడండి. మీరు ఎప్పటి నుంచి పేరు వాడుతున్నారో చూపే బిల్లులు, ప్రకటనలు, ఫొటోలు సేకరించండి. పైన రెండో అడుగులో చెప్పిన రకాల్లో మీ వాడకం ఏదో గుర్తించి, గడువులోగా చిన్న జవాబు పంపండి. గడువు చాలకపోతే పొడిగింపు అడగండి. మీరే నిజంగా పొరపాటు చేసి ఉంటే ఒప్పుకుని, మార్చడానికి వ్యవధి కోరడంలో చిన్నతనమేమీ లేదు. అమెరికాలో కేల్ అనే ఆకుకూర ఎక్కువగా తినమని టీషర్టుల మీద ముద్రించుకున్న ఒక కళాకారుడికి 2011లో, చికెన్ ఎక్కువగా తినమనే నినాదం వాడే చిక్-ఫిల్-ఎ అనే పెద్ద రెస్టారెంట్ల సంస్థ అభ్యంతర పత్రం పంపింది. ఆయన వెనక్కి తగ్గలేదు. 2014 డిసెంబర్‌లో ఆ నినాదానికి ఆయన పేరునే నమోదు లభించింది.

ముందే రాసిపెట్టుకోవలసిన విధానం

మీ పేరును ఎవరు, ఎలా, అడగకుండానే వాడుకోవచ్చో ఒక పేజీలో రాసి మీ వెబ్‌సైట్‌లో పెడితే సగం వివాదాలు పుట్టవు. మరమ్మతు చేసేవారు, సమీక్షకులు, ఉపాధ్యాయులు, అభిమానుల సంఘాలు, తిరిగి అమ్మేవారు ఏం చేయవచ్చో ముందుగా చెప్పి, ఏం చేయకూడదో తరువాత చెప్పండి. ఆ పేజీని ప్రకటించే ముందు ఆ వర్గాలకు చెందిన కొందరికి చూపించడం అవసరం. రస్ట్ ప్రోగ్రామింగ్ భాషను చూసుకునే ఫౌండేషన్ 2023లో ప్రకటించిన ముసాయిదా మరీ కఠినంగా ఉందని వాడకందారులే తీవ్రంగా విమర్శించడంతో దానిని తిరిగి రాసే పని చేపట్టవలసి వచ్చింది. ఫైర్‌ఫాక్స్ పేరు, గుర్తుల వాడకం మీద మొజిల్లా పెట్టిన నియమాలతో పొసగక, డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించేవారు 2006లో ఆ బ్రౌజర్‌ను వేరే పేరుతో పంపిణీ చేయడం మొదలుపెట్టారు. 2016లో అవగాహన కుదిరాకే పాత పేరు తిరిగి వచ్చింది.

విధానం అమలులోకి వచ్చాక ఏడాదికొకసారి, నాలుగో అడుగులో చెప్పిన పుస్తకాన్ని దాని పక్కన పెట్టుకుని చదవండి. అడిగిన ప్రతిసారీ మీరు అనుమతిస్తూ వస్తున్న వాడకం ఏదైనా కనిపిస్తే, దానిని ఇక అడగనవసరం లేని వాటి జాబితాలోకి మార్చండి.